జెనోవా వంతెన, ఓ ఇరుకు సీమ కథ

బీటెక్ సివిల్ చేసి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాళ్ళకి ఓ సంఘం పెడితే సభ్యత్వం కోసం క్యూ హైటెక్ సిటీ నుంచి మియాపూర్ దాకా ఉంటుంది. నేనూ ఆ బాపతే. నాలుగేళ్ళు ఆర్‌సీసీ, స్ట్రక్చరల్ ఎనాలిసిస్ అంటూ కుస్తీ పట్టి, చివరికి ఓ బ్యాంకు కోసం జావాలో బ్యాచ్ జాబులు రాసుకుంటూ బతుకుతున్నాను. అయినా చదివిన చదువు ఎక్కడికి పోతుంది? ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే అందరూ ముందున్న బండిని తిట్టుకుంటారు, నేను తలెత్తి బేరింగులు ఎలా ఉన్నాయో చూస్తాను.

2018 ఆగస్టు 14 నాకు బాగా గుర్తు. అప్పుడు ఫైనలియర్లో ఉన్నాను. హాస్టల్లో ఎవడో ఫోన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. వానలో, మబ్బులో, ఓ పెద్ద వంతెన నడిమధ్య ఖాళీగా ఉంది. ఆ ఖాళీ అంచున ఓ లారీ ఆగిపోయి ఉంది. మర్నాడు జెండా వందనం కాబట్టి క్లాసులు లేవు. ఆ పై రోజు మా కాంక్రీట్ సారు సిలబస్ పక్కన పడేసి గంటసేపు ఆ వంతెన గురించే చెప్పారు. ఇటలీలో జెనోవా అనే ఊరు, మొరాండీ అనే ఇంజనీరు, 43 మంది చనిపోయారు. ఆయన చెప్పిన వాటిలో నాకు మిగిలింది ఒక్కటే: "ఆ ఇంజనీరుకి ముందే తెలుసురా."

ఇన్నేళ్ళకి ఆన్‌సైట్ పేరుతో మిలాన్‌లో తేలాను. ఓ శనివారం పొద్దున్నే రైలెక్కి జెనోవా వెళ్ళాను. వెళ్ళింది వంతెన చూద్దామని. తీరా చూస్తే ఆ వంతెన అక్కడ అలా ఎందుకు కట్టారో అర్థం కావాలంటే ఆ సీమ మొత్తం కథ తెలియాల్సొచ్చింది. అదే ఇది.

జెనోవా రాజధానిగా ఉన్న ప్రాంతం పేరు లిగూరియా. ఇటలీ మ్యాపు బూటులా ఉంటుందని చిన్నప్పుడు చదువుకున్నాం కదా, ఆ బూటు పైన ఎడమ వైపు, ఫ్రాన్స్ సరిహద్దు నుంచి నెలవంకలా వంగి ఉండే సన్నటి పట్టీ ఇది. వైశాల్యం 5,416 చదరపు కిలోమీటర్లు, అంటే మన ఉమ్మడి కృష్ణా జిల్లా కంటే బాగా చిన్నది. జనం పదిహేను లక్షల చిల్లర. ఇందులో సుమారు 65 శాతం పర్వతాలు, మిగతా 35 శాతం కొండలు. మరి మైదానం? లెక్కలోకి వచ్చేంత లేదు. వెనక ఆల్ప్స్, అపెన్నైన్ పర్వతాలు గోడలా నిలబడి ఉంటాయి, ముందు సముద్రం. సవోనా అనే ఊరి దగ్గర కాదిబోనా కనుమలో ఆల్ప్స్ అయిపోయి అపెన్నైన్లు మొదలవుతాయని చెప్తారు. ఆ గోడ ఉత్తరపు చలిగాలిని ఆపేస్తుంది కాబట్టి తీరంలో నిమ్మ, ఆలివ్ హాయిగా పెరుగుతాయి, సన్‌రేమో వైపు పూలతోటలు ప్రసిద్ధి.

తీరాన్ని వాళ్ళు రెండుగా చెప్పుకుంటారు. జెనోవాకి తూర్పున ఉన్నది లెవాంతే, అంటే పొద్దు పొడిచే వైపు. పడమర ఉన్నది పొనెంతే, పొద్దు పడే వైపు. మన "పడమర"లో కూడా ఆ "పడు" ఉంది కదా, భలే అనిపించింది.

ఇలాంటి చోట మనుషులు ఏం చేసి బతుకుతారు? వ్యవసాయానికి నేల లేదు. చింక్వె తెర్రె అని ఐదు పల్లెలున్నాయి, మన వాళ్ళు ఇటలీ టూరు వెళ్తే ఫేస్‌బుక్‌లో పెట్టే రంగురంగుల ఇళ్ళ ఫొటోలు అక్కడివే. అక్కడ కొండ వాలుని మెట్లు మెట్లుగా చెక్కి, సిమెంటూ సున్నమూ లేకుండా రాయి మీద రాయి పేర్చి గోడలు కట్టి, ఆ మెట్ల మీద ద్రాక్ష పండించారు. వందల ఏళ్ళ పని అది. 1997లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఆ గోడల్ని చూసుకునే రైతులు తగ్గిపోయేకొద్దీ కొండ కిందకి జారుతోంది. 2011 అక్టోబరు 25న కుండపోత వానకి వెర్నాజ్జా, మొంతెరోస్సో ఊళ్ళు బురదలో కూరుకుపోయాయి. ఫొటోల్లో అది కనపడదు లెండి.

మిగిలిన దారి సముద్రమే. జెనోవా వాళ్ళు ఓడలెక్కారు. 1284లో మెలోరియా యుద్ధంలో పక్కనున్న పీసాని చావుదెబ్బ కొట్టారు. ఆ తర్వాత వెనిస్‌తో పోటీ. నల్లసముద్రం ఒడ్డున కాఫా దాకా వీళ్ళ వర్తక కేంద్రాలుండేవి. 1347లో ఐరోపాకి ప్లేగు మోసుకొచ్చిన ఓడలు అక్కణ్ణించి వచ్చిన వీళ్ళవే అంటారు. 1407లో సాన్ జోర్జో అనే సంస్థ పెట్టుకున్నారు. రాజ్యానికి అప్పులిచ్చి, ఆ అప్పు కింద పన్నులు వసూలు చేసుకునే బ్యాంకు అన్నమాట. ఎంత ముదిరిందంటే 1453లో కోర్సికా ద్వీపాన్నే ఆ బ్యాంకు చేతికి పాలించమని అప్పగించారు. 1805లో నెపోలియన్ మూయించేదాకా నడిచింది. బ్యాంకు ప్రాజెక్టులో పనిచేసేవాణ్ణి కాబట్టి కాసేపు ఆ భవనం ముందు భక్తిగా నిలబడ్డాను.

ఆ భవనం పేరు పలాజ్జో సాన్ జోర్జో, పాత రేవు ఎదురుగా ఉంటుంది. 1260లో కట్టింది. బ్యాంకు రాకముందు కొన్నాళ్ళు అందులో ఖైదీల్ని కూడా ఉంచారు. తెలుగువాడికి జెనోవాతో ఉన్న అసలు సంబంధం ఇక్కడే దొరికింది నాకు. 1298 ప్రాంతంలో వెనిస్ వాడు మార్కో పోలో యుద్ధంలో జెనోవాకి బందీగా చిక్కాడు. జైల్లో తోటి ఖైదీ పీసాకి చెందిన రుస్తికెల్లో అనే కథలు రాసేవాడు. వాడికి ఈయన తన ప్రయాణాలన్నీ చెప్తే, అతను రాసుకున్నాడు. ఆ పుస్తకంలో "ముత్ఫిలి" అని ఓ రాజ్యం వస్తుంది. అదే మన మోటుపల్లి, ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉన్న కాకతీయుల రేవు. అక్కడ ఓ స్త్రీ ఎంతో న్యాయంగా రాజ్యం చేస్తోందని, వజ్రాలు దొరుకుతాయని, సాలెగూడంత సన్నటి బట్ట నేస్తారని అందులో ఉంది. ఆవిడ రుద్రమదేవి అని చరిత్రకారులు చెప్తారు. పోలో ఆవిణ్ణి చనిపోయిన రాజు భార్య అన్నాడు. నిజానికి గణపతిదేవుడి కూతురు. విన్నది రాసుకున్న మనిషి, ఆ మాత్రం తప్పు పోనిద్దాం.

సరిగ్గా ఈ భవనంలోనే అతన్ని ఉంచారా అన్నదానికి రుజువు లేదు, అలా చెప్పుకుంటారంతే. కానీ ఊరు మాత్రం ఇదే. మోటుపల్లిలో గణపతిదేవుడు విదేశీ వర్తకులకి అభయమిస్తూ శాసనం వేయించాడు: తుఫానుకి ఓడ ఒడ్డుకి కొట్టుకొస్తే సరుకు లాక్కోం, పన్ను మాత్రం కట్టండి అని. సముద్రం మీద బతికే వాళ్ళకి అలాంటి మాట విలువ ఎంతో జెనోవా వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మన రుద్రమ గురించి ఐరోపా వాళ్ళు తెలుసుకున్నది జెనోవా జైలు గోడల మధ్య నుంచి అని ఇన్నాళ్ళూ నాకు తెలియదు. మన స్కూలు పుస్తకంలో "మార్కో పోలో మోటుపల్లిని దర్శించెను" అని ఒక్క లైను ఉండేది, రెండు మార్కుల ప్రశ్న.

కొలంబస్ కూడా ఇక్కడివాడే. ఇండియాకని బయల్దేరి ఎక్కడికి వెళ్ళాడో మీకు తెలిసిందే. అన్నట్టు మనం శుక్రవారం ఆఫీసుకి వేసుకెళ్ళే జీన్స్‌కి ఆ పేరు వచ్చింది కూడా జెనోవా ఫ్రెంచి పేరు "జెన్" నుంచే.

ఇహ రోడ్ల సంగతి. సముద్రం మీద రాజులే, కానీ వెనక్కి తిరిగితే గోడ. క్రీస్తుపూర్వం 148లో రోమన్లు జెనోవా నుంచి కొండలు దాటి అటు అక్విలేయా దాకా పోస్తూమియా రోడ్డు వేశారు. తర్వాత దాదాపు రెండు వేల ఏళ్ళు కొండ దాటించే సరుకంతా గాడిదల మీదా కంచర గాడిదల మీదే. 1797లో నెపోలియన్ దెబ్బకి పాత గణరాజ్యం పోయింది. 1815లో వియన్నాలో పెద్దలు కూర్చుని జెనోవాని తూరిన్‌లో ఉండే సవోయ్ రాజుల చేతిలో పెట్టారు. జెనోవా వాళ్ళకి ఇది మింగుడు పడలేదు. 1849లో తిరగబడితే రాజుగారి సైన్యం ఊరిమీద ఫిరంగులు పేల్చింది. ఆ తర్వాత తూరిన్ వాళ్ళు తెలివైన పని చేశారు. రైలు వేశారు.

తూరిన్ నుంచి జెనోవాకి రైలు దారి 1853 డిసెంబరులో పూర్తయింది. అదే ఏడు ఏప్రిల్లో మన దగ్గర బొంబాయి నుంచి ఠాణా దాకా మొదటి రైలు నడిచింది. కాకపోతే మనది నేల మీద నడిచింది, వీళ్ళది మొదటి దెబ్బకే పర్వతం ఎక్కింది. జోవీ కనుమ కింద మూడు కిలోమీటర్లు దాటిన సొరంగం తవ్వారు. ఎక్కుడు ఎంతంటే కొన్ని చోట్ల వెయ్యికి 35, అంటే దాదాపు 28 అడుగులు ముందుకెళ్తే ఒక అడుగు పైకి. ముంబై నుంచి హైదరాబాద్ వచ్చేటప్పుడు భోర్ ఘాట్ దగ్గర అదనపు ఇంజన్లు తగిలించడం చూసుంటారు. అక్కడ 37కి ఒకటి, అది కూడా పదేళ్ళ తర్వాత 1863లో మొదలైంది. జోవీ కోసం స్టీఫెన్సన్ కంపెనీ రెండు ఇంజన్లని వీపు వీపు కలిపి ఒకటిగా చేసింది. జనం వాటిని మాస్టొడాన్లు అన్నారు, పాతకాలపు ఏనుగుల పేరు.

సమస్య పొగ. ఎక్కుడు దారి, పైగా సొరంగం, రెండు ఇంజన్లు బొగ్గు మింగి పొగ కక్కుతుంటే డ్రైవర్ల పరిస్థితి ఊహించుకోండి. 1898 ఆగస్టులో ఓ గూడ్సు బండి సిబ్బంది సొరంగంలో ఆ పొగకి స్పృహ తప్పారు. బండి వెనక్కి జారి ఇంకో రైలుని గుద్దేసింది. మనుషులు పోయారు. అంతకు ముందే, 1889లో, వాలు తక్కువుండే రెండో లైను ఒకటి ఎనిమిది కిలోమీటర్ల సొరంగంతో వేశారు. అసలు మందు మాత్రం 1910లో పడింది. కాల్మాన్ కాండో అనే హంగేరీ ఇంజనీరు త్రీ ఫేజ్ కరెంటు ఇంజన్లతో జోవీ లైను నడిపించాడు. ఐరోపాలో భారీ గూడ్సు బళ్ళు కరెంటు మీద కొండెక్కిన తొలి చోట్లలో అదొకటి.

తీరం వెంబడి లైను ఇంకో తమాషా. 1872లో పడమర ఫ్రాన్స్ సరిహద్దు దగ్గర వెంతిమిల్యా దాకా, 1874లో తూర్పున లా స్పేజియా దాకా. చింక్వె తెర్రె ఊళ్ళకి బయటి ప్రపంచం పరిచయమైంది ఆ రైలుతోనే. అంతకు ముందు పడవో కాలిబాటో. రైలు సొరంగంలోంచి వస్తుంది, కళ్ళు మిరుమిట్లు గొలిపే సముద్రం కనపడుతుంది, ఫోన్ తీసేలోపు మళ్ళీ సొరంగం. నేను నలభై ఫొటోలు తీస్తే ముప్ఫై నల్లగా వచ్చాయి. :) పడమర వైపు పాత లైనుని విడతలుగా, 2001లోనూ 2016లోనూ, కొండల లోపలికి మార్చేశారు. వదిలేసిన ట్రాకు మీద సముద్రం పక్కనే సైకిల్ బాట వేశారు. అయినా ఫినాలే లీగురే నుంచి అందోరా దాకా ఇప్పటికీ సింగిల్ లైనే, ఎదురు బండి కోసం ఆగాల్సిందే. మిలాన్ వైపు కొత్తగా మూడో కనుమ దారి అని 27 కిలోమీటర్ల సొరంగంతో పెద్ద ప్రాజెక్టు నడుస్తోంది. డెడ్‌లైన్లు జరగడం మన దగ్గరే కాదని తెలిసి కాస్త ఊరట కలిగింది.

ఊళ్ళో కూడా ఇదే గోల. జెనోవాలో ఇంటికెళ్ళాలంటే లిఫ్టెక్కాలి. ఇంట్లో లిఫ్టు కాదు, వీధి లిఫ్టు. 1909 నుంచి నడుస్తున్న కాస్తెల్లెత్తో లిఫ్టుని సిటీ బస్సులా ప్రజా రవాణా కింద లెక్కేస్తారు. 1895 నాటి రీగి ఫ్యూనిక్యులర్ తాడు మీద కొండెక్కుతుంది. ఇంకో లిఫ్టు ముందు సొరంగంలో అడ్డంగా పోయి, ఆ తర్వాత నిలువుగా పైకి లేస్తుంది. మెట్రో ఉంది గానీ ఏడు కిలోమీటర్లే. విమానాశ్రయానికి చోటు లేక సముద్రం పూడ్చి కట్టారు.

ఇప్పుడు వంతెన దగ్గరకొస్తాను. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇటలీ బాగా పుంజుకుంది. కార్లూ లారీలూ పెరిగాయి. ఫ్రాన్స్ నుంచి తీరం వెంట వచ్చే హైవేని మిలాన్ వెళ్ళే హైవేతో కలపాలి. మధ్యలో పోల్చెవేరా అనే నది లోయ. నదిలో నీళ్ళు పెద్దగా ఉండవు కానీ లోయ నిండా రైలు యార్డులు, ఫ్యాక్టరీలు, అపార్ట్‌మెంట్లు. చెప్పాను కదా, ఉన్న నేలంతా అదే, అన్నీ అందులోనే సర్దుకున్నారు. స్తంభాలు ఎక్కడ పడితే అక్కడ వేయడానికి కుదరదు. కాబట్టి స్తంభాలు తక్కువ, దూరాలు ఎక్కువ ఉండే వంతెన కావాలి. రిక్కార్దో మొరాండీ 1963 నుంచి 1967 మధ్య కట్టించాడు. పొడవు 1,182 మీటర్లు, టవర్ల ఎత్తు 90 మీటర్లు, పెద్ద స్పాను 200 మీటర్ల పైచిలుకు.

మామూలుగా కేబుల్ వంతెనకి బోలెడు ఉక్కు తాళ్ళుంటాయి. ఒకటి తెగినా మిగతావి మోస్తాయి. మొరాండీ ఒక్కో టవర్‌కి నాలుగే పెట్టాడు. పైగా ఆ ఉక్కుని కాంక్రీటులో కప్పేశాడు. గాలీ నీరూ తగలకుండా కాంక్రీటు కాపాడుతుంది, తీగ సాగకుండా బిగువుగా ఉంటుంది, చూడ్డానికి కూడా సన్నగా అందంగా ఉంటుంది. మన భాషలో ఎన్‌క్యాప్సులేషన్. లోపల ఏముందో పైవాడికి తెలియక్కర్లేదు. 1967లో కాంక్రీటు అంటే శాశ్వతం అనే నమ్మకం అందరికీ ఉండేది, ఆయన్నొక్కణ్ణీ అనలేం. ఇంచుమించు ఇలాంటివే వెనిజువెలాలో మారకైబో వంతెన, లిబియాలో ఇంకొకటీ కట్టాడు.

పదేళ్ళు తిరిగేసరికి కాంక్రీటు చెడిపోవడం మొదలైంది. సముద్రపు ఉప్పుగాలి, పక్కనున్న ఫ్యాక్టరీల పొగ. 1979లో మొరాండీ స్వయంగా ఓ పేపర్ రాశాడు, భారీ ట్రాఫిక్ ఉండి వాతావరణం దాడి చేసే చోట వంతెనలు ఎన్నాళ్ళకి ఎలా మారతాయి అని. ఉదాహరణ ఇదే వంతెన. తుప్పు తీయాలి, పైన రక్షణ పూత వేయాలి, కనిపెట్టుకుని ఉండాలి అని. మా సారు చెప్పిన "ముందే తెలుసు" ఇదే. 1989లో ఆయన పోయాడు.

1990ల మొదట్లో 11వ నంబరు టవర్ తీగలు తెరిచి చూస్తే లోపల ఉక్కు బాగా తిని ఉంది. దానికి పక్కనే బయటి నుంచి కొత్త ఉక్కు కేబుళ్ళు బిగించారు. 10వ టవర్‌కి పైభాగంలో కొంత పని చేశారు. 9వ దాన్ని ముట్టుకోలేదు. 1999లో హైవేలు ప్రైవేటు కంపెనీ చేతికెళ్ళాయి. పాతికేళ్ళు 11 ఒకలా, 9 ఒకలా నిలబడి ఉన్నాయి. 9, 10లకి కూడా మరమ్మతు చేద్దామని ప్రాజెక్టు తయారైంది, టెండరు పిలిచారు. పని మొదలవ్వాల్సింది 2018 చివర్లో. ఆగస్టు 14 పొద్దున 11 గంటల 36 నిమిషాలకి, ఇటలీ అంతా మర్నాటి పండక్కి సెలవు మీద బయల్దేరిన రోజున, 9 కూలింది.

2020 డిసెంబరులో కోర్టు నియమించిన నిపుణులు తేల్చిందేమిటంటే, 9వ టవర్ తీగల్లో ఒకదాని పైభాగంలో తుప్పే కారణం. ఉక్కు చుట్టూ నింపాల్సిన గ్రౌటు కట్టినప్పుడే సరిగా నిండలేదు, ఖాళీలు మిగిలాయి, ఆ ఖాళీల్లో తేమ చేరింది. సరైన తనిఖీలు చేసుంటే ముందే తెలిసేదన్నారు. 2022లో 59 మంది మీద విచారణ మొదలైంది. అదే ఏడు హైవే కంపెనీ మళ్ళీ ప్రభుత్వ సంస్థ ఆధ్వర్యంలోకి వచ్చింది.

నేను బ్రిన్ మెట్రో స్టేషన్లో దిగి నడుచుకుంటూ వెళ్ళాను. ఇప్పుడక్కడున్నది కొత్త వంతెన. జెనోవాలోనే పుట్టిన రెంజో పియానో డిజైన్, 2020 ఆగస్టు 3న ప్రారంభించారు. పేరు సాన్ జోర్జో, ఆ పాత బ్యాంకు పేరే. 18 స్తంభాలు, తెల్లటి ఉక్కు, పెద్ద గొప్పగా ఏమీ ఉండదు. తీగలు లేవు. తనిఖీకి రోబోలు, లోపల తేమ తీసేసే యంత్రాలు పెట్టారు. కింద, పాత 9వ టవర్ ఉన్న వైపు, 43 చెట్లు నాటారు. ఒక్కోటీ ఒక్కో రకం. వాటి మధ్య ఓ పెద్దాయన బెంచీ మీద పేపరు చదువుకుంటున్నాడు. నా ఇటాలియన్ కాఫీ ఆర్డరు దాటదు కాబట్టి ఏమీ అడగలేదు. ఆయన మాత్రం నా వైపు చూసి, వేలితో గాల్లో, ఇప్పటి వంతెన కంటే చాలా పైన, పాత టవరు ఎంత ఎత్తుండేదో చూపించి మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయాడు.

తిరుగు రైల్లో ఒక సంగతి వద్దన్నా గుర్తొచ్చింది. మా క్లయింటు సిస్టంలో నెలాఖరు లెక్కలు వేసే ఓ పాత మాడ్యూల్ ఉంది. రాసినవాడు ఎప్పుడో వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు కోడ్‌లోనే ఓ కామెంట్ పెట్టాడు, ఖాతాల సంఖ్య ఇంత దాటితే ఇది తప్పు లెక్క వేస్తుంది, మార్చాలి అని. మూడు దేశాల డేటాకి ఒకే మాడ్యూల్ మూడు కాపీలు. ఒక దేశానిది రెండేళ్ళ క్రితం గోలయితే సరిచేశారు. మిగతా రెండింటికి టికెట్ ఉంది. ఆ టికెట్‌ని నాలుగు నెలల క్రితం "తర్వాతి రిలీజుకి" అని పక్కకి జరిపింది నేనే. దాని వల్ల ఎవరూ చావరు, నిజమే. ఎవరికో పింఛను తప్పు పడుతుంది.

సొరంగాల్లో సిగ్నల్ లేదు. తొర్తోనా దాటాక వచ్చింది. టికెట్ మళ్ళీ ఓపెన్ చేసి, ప్రయారిటీ పెంచి, మేనేజరుకి మెయిల్ పెట్టాను. సోమవారం జవాబొచ్చింది: ఈ క్వార్టర్ బడ్జెట్ అయిపోయిందట, మాట్లాడదాం అన్నారు. గురువారం మీటింగు పెట్టించాను. ఆ మొరాండీ పేపర్ ప్రింటు తీసి బ్యాగులో పెట్టుకున్నాను, ఎవరికి చూపిస్తానో నాకే తెలీదు.